ఒక్క నియమం విరవండి, మిగతావి పాటించండి: ఒడిశా సరిహద్దులో స్టూడెంట్ సైకలాజికల్ థ్రిల్లర్ తీయడం

ఆరు నిమిషాల స్టూడెంట్ సైకలాజికల్ థ్రిల్లర్‌లో ఎన్ని నియమాలు విరగ్గొట్టొచ్చు? ఒకటి. రెండోది కూడా విరగ్గొడితే మొదటిది ఎవరికీ కనబడదు. కాలేజీ ఫెస్టులో చూసేవాళ్లకి మీ మనసులో ఏముందో తెలియదు, తెర మీద ఉన్నదే తెలుసు. లైటింగు మార్చి, కథ తిరగేసి, కెమెరా కూడా ఇష్టమొచ్చినట్టు తిప్పితే "ఏటిది, ఎడిటింగ్ సరిగ్గా రానట్టుంది" అనుకుంటారు. అదే, ఐదు నియమాలు శుభ్రంగా పాటించి ఆరోదాన్ని మాత్రం తప్పితే, కావాలనే తప్పారని వాళ్లకి తెలుస్తుంది. భయం అక్కడ పుడుతుంది.

బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు తీసేవాళ్లకి ఇంకో సౌకర్యం ఉంది. ఇంట్లో తెలుగు, వీధిలో ఒడియా, కాలేజీలో రెండూ. దాన్ని ఎలా వాడుకోవచ్చో కాస్త కింద ఒక కథతో వివరంగా ఉంది.

పేజీని రెండు వరసలు చేసుకోండి

స్క్రిప్టు రాయకముందే నోటుపుస్తకంలో ఒక పేజీని నిలువుగా రెండు చేయండి. ఎడమవైపు ఈ తరహా సినిమాల్లో మామూలుగా కనబడేవి రాయండి. కుడివైపు, అది చూసేవాడి బుర్రలో ఏం పని చేస్తుందో రాయండి. చాలామంది ఎడమ వరసతో ఆగిపోతారు: అద్దం, చీకటి గది, మోగే ఫోను, మేడమెట్లు, చివర్లో ట్విస్టు. కుడి వరస లేకపోతే దేన్ని తీసేయొచ్చో, దేని బదులు ఏది పెట్టొచ్చో తేలదు.

అద్దం సంగతే చూడండి. దాని పని మనిషిని రెండుగా చూపించి, ఏది అసలు అన్న అనుమానం రేపడం. ఆ పని ఆపేసిన టీవీ తెర చేస్తుంది, వంటింటి గట్టు మీది స్టీలు బిందె చేస్తుంది, పెరట్లో నీళ్లతొట్టి ఇంకా బాగా చేస్తుంది, ఎందుకంటే వేలు పెడితే మొహం చెదిరిపోతుంది. చీకటి పని, చూపుని అడ్డుకోవడం. ఆ పని దోమతెర కూడా చేస్తుంది. మూసిన గది పని, పారిపోయే దారి లేదనిపించడం. నలుగురున్న ఉమ్మడి ఇంట్లో తన భయం ఎవరికీ చెప్పుకోలేని అమ్మాయికి కూడా దారి లేనట్టే, తలుపులన్నీ తీసే ఉన్నా సరే.

కథ ఎవరి కళ్లతో చూస్తున్నామో ఆ మనిషినే నమ్మలేకపోవడం అన్నది మాత్రం ఈ తరహాకి వెన్నెముక. దాన్ని కదపొద్దు. మామూలు థ్రిల్లర్ "ఎవరు చేశారు, దొరుకుతాడా" అని అడుగుతుంది. సైకలాజికల్ థ్రిల్లర్ "ఈమె చూసింది అసలు జరిగిందా" అని అడుగుతుంది. ఆ ప్రశ్న పోయిందంటే మిగిలేది దొంగా పోలీసు ఆట.

"చివరికి అంతా కల" అన్నది నియమం విరగ్గొట్టడం కిందికి రాదు. అది అరిగిపోయిన నియమమే. "అసలు హంతకుడు నేనే" కూడా అంతే. కాలేజీ పోటీల్లో జడ్జీలు మొదటి నిమిషంలోనే పసిగట్టేస్తారు.

ముందు దెయ్యాన్ని బయటికి పంపాలి

మన వైపు ప్రేక్షకుడి మొదటి ఊహ మనసు గురించి ఉండదు. ఒంటరి అమ్మాయి, రాత్రి, ఏదో చప్పుడు అంటే దెయ్యమనో, గాలి సోకిందనో, అమ్మవారు పూనిందనో అనుకుంటాడు. ఆ ఊహని పట్టించుకోకపోతే ఆరు నిమిషాలూ దెయ్యం ఎప్పుడొస్తుందా అని చూసి, రాలేదని నిరాశపడతాడు. మీరు ఏం తీశారో అతనికి చేరనే చేరదు.

అందుకని మొదటి తొంభై సెకన్లలో ఆ దారిలోకి కాస్త వెళ్లనిచ్చి, మీరే ఆ తలుపు మూసేయాలి. మూయడానికి ఉపన్యాసం అక్కర్లేదు. పైకప్పులో చప్పుడయితే పిల్లిని చూపించండి. దీపం రెపరెపలాడితే పక్కిల్లు కూడా చీకటైందని ఒక షాట్‌లో చూపించండి, కరెంటు పోయిందని అందరికీ అర్థమవుతుంది. ఇలా రెండు చప్పుళ్లకి మామూలు కారణం చూపించాక మూడోదానికి చూపించకండి. అప్పుడు కారణం కోసం అమ్మాయి మొహంలోకి చూస్తారు. మీకు కావలసింది అదే.

ఇంకొకటి గట్టిగా చెప్పాలి. ఒంటరి ముసలమ్మని చిల్లంగి మనిషిగా, చేతబడి చేసేదానిగా చూపించి భయపెట్టడం ఈ జిల్లాల్లో ఆషామాషీ వ్యవహారం కాదు. ఆ ముద్ర పడి దెబ్బలు తిన్న, ప్రాణాలు పోగొట్టుకున్న మనుషులున్నారు. ఒడిశాలో దీని మీద 2013లో ప్రత్యేక చట్టమే చేశారు. ముసలమ్మ మీద అనుమానం పుట్టించండి, పరవాలేదు. కానీ సినిమా అయ్యేసరికి ఆ అనుమానమే తప్పని తేలాలి.

జబ్బు పేరు కూడా పెట్టకండి. స్కిజోఫ్రీనియా అంటే ఒక మనిషిలో ఇద్దరు ఉండడం కాదు, సినిమాలు నేర్పిన అబద్ధం అది. ఆ జబ్బులో కళ్లకి ఏవో కనబడడం కన్నా చెవులకి మాటలు వినబడడమే ఎక్కువ. జబ్బు ఉన్నవాళ్లంతా కత్తి పట్టుకుంటారన్నది ఇంకో అబద్ధం. స్టూడెంట్ సినిమాకి నిద్రలేమి చాలు. పరీక్షల ముందు రెండు మూడు రాత్రులు మేలుకున్న అమ్మాయికి రెండు మూడు సెకన్లు తెలియకుండానే నిద్ర పట్టేస్తుంది, కళ్లు తెరిచే ఉన్నా సరే. ఆ కొన్ని సెకన్లు ఏమయ్యాయో ఆమెకి తెలియదు. చూసేవాళ్లలో సగంమందికి ఇది అనుభవమే కాబట్టి వివరించే పని కూడా లేదు.

విరవాల్సిన నియమం: సబ్‌టైటిల్ నిజం చెబుతుందన్న నమ్మకం

ఏ సినిమాలోనైనా మనం అనుమానించకుండా నమ్మేది తెర అడుగున పడే అక్షరాల్ని. నటుడు అబద్ధం ఆడొచ్చు, కెమెరా మోసం చేయొచ్చు, సబ్‌టైటిల్ మాత్రం నిజమే అనుకుంటాం. రెండు భాషల ఊళ్లో ఆ నమ్మకాన్నే విరగ్గొట్టొచ్చు.

కథ ఇలా ఊహించుకోండి. సోంపేట నుంచి డిగ్రీ చదువుకి బరంపురం వచ్చి పిన్ని ఇంట్లో ఉంటున్న అమ్మాయి, రేణు. ఆమెకి ఒడియా రాదు. పక్కింట్లో ఒడియా ముసలావిడ, పిన్ని ఆవిడని మావుసీ అని పిలుస్తుంది. పిన్నీ బాబాయీ పెళ్లికని ఊరెళ్లారు. రేణుకి పరీక్షలు, నిద్ర లేదు. మావుసి రోజూ రాత్రి గుమ్మం దగ్గరికొచ్చి ఏదో అంటుంది. ఆమె ఒడియాలో అన్నదానికి తెర మీద తెలుగు సబ్‌టైటిల్ పడుతుంది. ఆ సబ్‌టైటిల్ మావుసి మాట కాదు, రేణు ఊహ. ఆ సంగతి మనం ఎక్కడా చెప్పం.

నిమిషాల వారీగా పని ఇలా సాగాలి.

మొదటి యాభై సెకన్లు నమ్మకం కట్టడానికి. పిన్ని ఇంట్లోనే ఉంది. మావుసి వచ్చి "భాతొ ఖాయిలు కి?" అంటుంది. పిన్ని నవ్వుతూ "అన్నం తిన్నావేటి అని అడుగుతోందే" అంటుంది. సబ్‌టైటిల్ కూడా "అన్నం తిన్నావా?" అనే పడుతుంది. మాట, మనిషి చెప్పిన అర్థం, అక్షరాలు మూడూ ఒకటే. ఇక్కడ తొందరపడకండి. ఈ యాభై సెకన్లు సరిగ్గా లేకపోతే మిగతాదంతా వృథా.

రెండో నిమిషం దాకా నిజమే, కాని గుచ్చుకునే నిజం. పిన్ని వెళ్లిన రాత్రి మావుసి "ఎకా ఒఛు కి?" అంటుంది. సబ్‌టైటిల్ "ఒక్కదానివే ఉన్నావా?" ఇది సరైన అర్థమే. పగలు అంటే పలకరింపు, రాత్రి తలుపు సందులోంచి అంటే వేరు. అబద్ధం ఆడకుండానే భయం మొదలైంది.

మూడో నిమిషంలో మొదటి అబద్ధం. మావుసి "కొబాటొ బొందొ కొరి శోయిబు" అంటుంది, అంటే తలుపేసుకుని పడుకో అని. సబ్‌టైటిల్ మాత్రం "తలుపు వేసుకున్నా వస్తాను" అని పడుతుంది. తలుపు అన్న మాట రెండింటిలోనూ ఉండడం ముఖ్యం. రేణుకి ఆ ఒక్క మాటే తెలిసి, మిగతాది భయంతో నింపుకుందన్నమాట.

నాలుగో నిమిషంలో మావుసి మళ్లీ మొదటి రోజు మాటే అంటుంది: "భాతొ ఖాయిలు కి?" సబ్‌టైటిల్ "ఇవాళ తప్పించుకోలేవు." ఒడియా బొత్తిగా రానివాడికి కూడా ఈ మాట మొదటి నిమిషంలో విన్నట్టు గుర్తుంటుంది. చెవి ఒకటి చెబుతుంది, కన్ను ఇంకొకటి. ఈ ఆధారం లేకుండా తీస్తే మోసం చేశారంటారు, ఉంటే మళ్లీ మొదటినుంచి చూస్తారు.

ఆ తర్వాత దాదాపు యాభై సెకన్లు సబ్‌టైటిలే ఉండదు. తలుపు కొట్టే చప్పుడు, మాటలు, అక్షరాలు లేవు. రేణు చేతిలో పచ్చడిబండ. చివర తలుపు తీస్తుంది. మావుసి చేతిలో మూతపెట్టిన గిన్నె. అదే మాట, ఈసారి సరైన సబ్‌టైటిల్. చెయ్యి పైకి లేచిందే గాని దెబ్బ పడకూడదు. దెబ్బ పడితే కథ నేరం వైపు జారిపోయి, అప్పటిదాకా అడిగిన ప్రశ్న మరుగున పడుతుంది.

దీనిలో అసలు లాభం ఏంటంటే, ఒకే హాల్లో రెండు సినిమాలు ఆడతాయి. ఒడియా వచ్చినవాళ్లకి మూడో నిమిషంలోనే అబద్ధం తెలిసిపోతుంది. రేణుకి తెలియనిది వాళ్లకి తెలుసు కాబట్టి ముసలావిడకి ఏమవుతుందో అని వాళ్ల గుండె దడ. ఒడియా రానివాళ్లకి రేణుకి ఏమవుతుందో అని దడ. మొదటిది సస్పెన్స్, రెండోది చివర్లో వచ్చే షాక్. రెండూ ఒకే ఫైలుతో దొరుకుతున్నాయి.

చెడేది ఎక్కడంటే, ఎక్కువగా మావుసి వేషం దగ్గర. నటించేవాళ్లకి కథ తెలుసు కాబట్టి మూడో నిమిషం నుంచి కళ్లు చిట్లించి, గొంతు బరువు చేస్తారు. వద్దు. ఆవిడ మొదటినుంచి చివరిదాకా అన్నం అడిగే ముసలావిడే. వీలైతే సబ్‌టైటిల్ సంగతి ఆవిడకి ముందు చెప్పకుండా తీయండి, తర్వాత చూపించి ఒప్పుకోలు తీసుకోండి. భయపెట్టే పని కెమెరాదీ ఎడిటింగ్‌దీ. లెవ్ కులెషోవ్ అనే రష్యన్ దర్శకుడు వందేళ్ల కిందటే ఇది చేసి చూపించాడు: ఏ భావమూ లేని ఒకే మొహాన్ని ఒకసారి సూపు గిన్నె పక్కన, ఒకసారి శవపేటిక పక్కన అతికిస్తే, చూసేవాళ్లు ఒకసారి ఆకలి, ఒకసారి దుఃఖం చూశారు. మావుసి మామూలు మొహం పక్కన రేణు బిగించిన పిడికిలి అతికించండి, చాలు.

రెండో తప్పు, ఒడియా మాటలు తెలుగు యాసలో చెప్పించడం. బరంపురం హాల్లో అది నవ్వు పుట్టిస్తుంది, ఆ నవ్వుతో సినిమా ఖతం. ఒడియా ఇంటి మనిషి చేతనే చెప్పించండి. అలాగే పిన్ని చేత సినిమా తెలుగు మాట్లాడించకండి. "ఏటే", "ఎల్లొస్తాం", "గుంటలు" లాంటివి మన పిన్నులు మాట్లాడే మాటలు. మూడో తప్పు, అబద్ధపు సబ్‌టైటిల్‌కి రంగు మార్చడమో అక్షరాలు వణికించడమో. అలా చేస్తే దొంగ తనే చెయ్యెత్తినట్టు. నిజానికీ అబద్ధానికీ ఒకే ఫాంటు, ఒకే సైజు, ఒకే చోటు.

కెమెరా: రేణు లేని చోట మనమూ లేం

రేణు లేని చోట ఒక్క షాట్ కూడా తీయకండి. మావుసి తన ఇంట్లో ఏం చేస్తోందో ఒక్క సెకను చూపించినా ప్రేక్షకుడు రేణు బుర్రలోంచి బయటికొచ్చేస్తాడు, ఇక లోపలికి రాడు. మావుసి కనబడే ప్రతి షాట్ రేణు నిలబడ్డ చోటు నుంచి, ఆమె కంటి ఎత్తు నుంచి. ఇది పాటించాల్సిన నియమం.

గోడకి గోడ ఆనుకుని, వీధి గుమ్మం నుంచి పెరటి గుమ్మం దాకా వరసగా గదులుండే పాత ఇల్లు దొరికితే వదలకండి. పెరటి గుమ్మం దగ్గర కెమెరా పెడితే మూడు ద్వారబంధాలు ఒకదానిలో ఒకటి కనబడతాయి, చివరన వీధి తలుపు. ఆ షాట్ మూడుసార్లు తీయండి, కథలో రోజుకి ఒకటి చొప్పున. ప్రతిసారీ ట్రైపాడ్ పది పదిహేను సెంటీమీటర్లు కిందికి దించండి. ఎవరూ గమనించరు, కాని ఇల్లు పెరుగుతున్నట్టు అనిపిస్తుంది. కెమెరాని వంకరగా పెట్టే షాట్లు మానేయండి. వంకర షాట్ "ఇప్పుడు భయపడు" అని చెవిలో అరిచినట్టుంటుంది.

ఫోనుతో తీస్తుంటే మామూలు లెన్సు, మొహాలకి రెండింతల జూమ్ లెన్సు వాడండి. అల్ట్రావైడ్‌లో అంచుల దగ్గర మొహం సాగిపోతుంది, అది కావాలనుకుంటే సినిమా మొత్తానికి ఒక్క షాట్‌కి.

మన దగ్గర కరెంటు 50 హెర్ట్జ్. ట్యూబ్‌లైటు, చవక ఎల్ఈడీ బల్బులు సెకనుకి వందసార్లు వెలిగి ఆరుతుంటాయి. ఫోను ఆటోలో సెకనుకి 30 ఫ్రేములు, 1/60 షట్టర్ (ఒక్కో ఫ్రేము వెలుతురు పట్టే సమయం, సెకనులో అరవయ్యో వంతు) ఎంచుకుంటే తెర మీద నల్లటి చారలు పాకుతాయి. 25 ఫ్రేములు, 1/50 షట్టర్ పెట్టి లాక్ చేయండి. మీ ఫోనులో ఆ సెట్టింగు లేకపోతే బ్లాక్‌మ్యాజిక్ కెమెరా యాప్ ఉచితంగా దొరుకుతుంది, అందులో ఉంది. 25 కుదరకపోతే 24 ఫ్రేములకి కూడా 1/50 సరిపోతుంది. వైట్ బ్యాలెన్స్ (తెలుపు ఏ ఛాయలో కనబడాలన్నది), ఫోకస్, ఐఎస్ఓ (వెలుతురుని ఫోను ఎంత పెంచి చూపాలన్నది) కూడా లాక్. ఐఎస్ఓ 800 దాటనివ్వకండి, దాటితే నీడల్లో చీమలు పాకినట్టు గరుకు వస్తుంది, దాన్ని ఎడిటింగ్‌లో పూర్తిగా తీయడం కష్టం. డిమ్మర్ స్విచ్ వాడకండి, షట్టర్ సరిగ్గా ఉన్నా చవక బల్బు డిమ్మర్ మీద మిణుకుతుంది. వెలుతురు తగ్గాలంటే బల్బుని దూరం జరపండి. ఒక మీటరు నుంచి రెండు మీటర్లకి జరిపితే వెలుతురు నాలుగో వంతుకి పడిపోతుంది. అదే సూత్రంతో వెనక గోడని నల్లగా చేయొచ్చు: బల్బు మొహానికి అర మీటరు దగ్గర, గోడ మొహం వెనక రెండు మీటర్ల అవతల. సున్నం గోడలు వెలుతురుని తిప్పికొట్టి నీడలన్నీ పలచన చేస్తాయి కాబట్టి ఫ్రేములో పడని గోడలకి ముదురు దుప్పట్లు వేలాడదీయండి.

రాత్రి దృశ్యాలన్నీ రాత్రే తీయాలని లేదు. డిసెంబరులో బరంపురంలో సాయంత్రం ఐదుంబావుకల్లా సూర్యుడు దిగిపోతాడు. ఆ తర్వాత ఓ ఇరవై నిమిషాలు ఆకాశం నీలంగా ఉంటుంది. వీధి షాట్లు అప్పుడే తీయండి, తర్వాత వీధిదీపం తప్ప ఏదీ కనబడదు. రోజుకి రెండు మూడు షాట్ల కన్నా ఎక్కువ రావు, కాబట్టి ముందే రిహార్సల్ చేసి నిలబడే చోటు సుద్దముక్కతో గీసుకోండి. సముద్రం ఒడ్డుకి, గోపాలపూర్ వెళ్తే మాత్రం ఏసీ గదిలోంచి నేరుగా కెమెరా బయటికి తీయకండి. లెన్సు మీద పట్టిన ఆవిరి పోవడానికి అరగంట పడుతుంది, అప్పటికి వెలుతురు పోతుంది. బ్యాగులోనే ఉంచి నెమ్మదిగా బయటి వేడికి అలవాటు పడనివ్వండి.

చప్పుడు దగ్గరే గెలుపోటములు

స్టూడెంట్ సినిమాల్లో బొమ్మ బాగుండి చప్పుడు చెడేవే ఎక్కువ. ఈ తరహాలో చప్పుడు చెడితే ఏమీ మిగలదు, ఎందుకంటే రేణు భయమంతా చెవిలోంచే వస్తోంది.

ఇంటర్నెట్‌లో దొరికే గుయ్యిమనే భయం సంగీతం దించుకోకండి. పాత బరంపురం వీధుల్లో మగ్గం చప్పుడు దొరుకుతుంది. నేత ఇంటివాళ్లని అడిగి, ఫోను ఒక మెత్తటి గుడ్డ మీద పెట్టి, పది నిమిషాలు ఆపకుండా రికార్డు చేసుకోండి. ఒకసారి మగ్గం పక్కనుంచి, ఒకసారి గోడ అవతలి నుంచి. మొదటి నిమిషంలో గోడ అవతలి రికార్డింగు వాడండి, నిమిషానికి అరవై దెబ్బల చొప్పున పడేలా ఎడిట్ చేయండి. మెల్లమెల్లగా దగ్గరి రికార్డింగుని కలుపుతూ నాలుగో నిమిషానికి వంద దెబ్బలకి తీసుకెళ్లండి. ఒకేసారి పెంచకండి, ప్రతి ఇరవై సెకన్లకి కాస్త. సబ్‌టైటిల్ ఆగిపోయే చోట మగ్గం కూడా ఆగిపోవాలి. అక్కడ సంగీతం పెట్టాలన్న కోరికని చంపుకోండి.

మాటలు రికార్డు చేసేటప్పుడు ఫ్యాను, ఫ్రిజ్ ఆపాలి. ఫ్రిజ్ ఆపాక దాన్ని మళ్లీ పెట్టడం మర్చిపోకుండా ఇంటివాళ్ల స్కూటర్ తాళమో, మీ బండి తాళమో ఫ్రిజ్‌లో పెట్టండి. అది తీసుకోకుండా ఇంటికెళ్లలేరు. ఫ్యాను చప్పుడు విడిగా రికార్డు చేసి తర్వాత కలపండి, అప్పుడు మీకు కావలసినచోట పెంచొచ్చు, తగ్గించొచ్చు. ప్రతి గదిలోనూ ఎవరూ మాట్లాడకుండా, కదలకుండా ఒక నిమిషం ఖాళీ చప్పుడు తీసుకోండి. అది లేకపోతే ప్రతి కట్ దగ్గర చెవిలో చిన్న గొయ్యి పడుతుంది. బరంపురం హౌరా–చెన్నై రైలు దారి మీద ఉంది, స్టేషన్ దగ్గర ఇల్లయితే రైలు కూత టేకు మధ్యలో వస్తుంది. టేకు ఆపేసి మళ్లీ చేయండి, "తర్వాత తీసేద్దాం" అనుకోకండి, మాట మీద పడ్డ కూత పోదు.

మాటల గరిష్ఠ స్థాయి మైనస్ 12 నుంచి మైనస్ 6 డెసిబెల్స్ మధ్య ఉండాలి. యూట్యూబ్ కోసమైతే మొత్తం సినిమాని మైనస్ 14 లఫ్స్ (మొత్తం మీద చప్పుడు ఎంత గట్టిగా వినబడుతుందో కొలిచే లెక్క) దగ్గర ఉంచండి, అంతకన్నా గట్టిగా ఇస్తే యూట్యూబే తగ్గించేస్తుంది. లోతైన బాస్ గుర్రుగుర్రులు ల్యాప్‌టాప్ హెడ్‌ఫోన్లలో బ్రహ్మాండంగా ఉంటాయి గాని ఫోను స్పీకర్లో, కాలేజీ హాలు పెట్టెల్లో అసలు వినబడవు. ఫైనల్ చేసేముందు ఒకసారి మామూలు ఫోను స్పీకర్లో వినండి.

ఎడిటింగ్: పోయిన సెకన్లు

నిద్రలేమిని చూపించడానికి కళ్ల కింద నలుపు పూస్తే సరిపోదు. రేణు పుస్తకం చదువుతున్న లాంగ్ టేకు (కట్ లేకుండా సాగే షాట్) తీసి, మధ్యలోంచి ఒక ముక్క కోసేయండి. కెమెరా కదలకూడదు. రేణు అలాగే ఉంటుంది, కాని గోడ గడియారం పది నిమిషాలు ముందుకి జరిగి ఉంటుంది, టీ గ్లాసు ఖాళీ అయి ఉంటుంది. కోసేసిన ఆ ముక్కలో గడియారాన్ని జరిపింది, గ్లాసు ఖాళీ చేసింది మీరే. ఇలాంటి కోత మొత్తం సినిమాలో మూడు చాలు. ఐదోసారికి చూసేవాడు దాన్ని లెక్కపెట్టడం మొదలెడతాడు.

ఆరు నిమిషాలకి అరవై డెబ్బై షాట్లు వస్తాయి. రెండు రోజుల్లో తీయాలంటే రోజుకి ముప్పై ముప్పై అయిదు, ఇది గట్టి పనే, కాబట్టి షాట్ లిస్టులో తప్పనిసరివాటికి నక్షత్రం పెట్టుకుని అవే ముందు తీయండి. మావుసి వేషం వేసిన పెద్దావిడ షాట్లన్నీ ఒకే పూటలో పూర్తి చేయండి. వయసు మళ్లినవాళ్లని రాత్రి పదకొండింటిదాకా గుమ్మంలో నిలబెట్టడం మర్యాద కాదు.

పదిమందికి చూపించి చూడండి

ఫైనల్ చేసేముందు ఐదుగురు ఒడియా వచ్చినవాళ్లకి, ఐదుగురు రానివాళ్లకి విడివిడిగా చూపించండి. రానివాళ్ల కోసం ఇచ్ఛాపురం, పలాస అవతలి బంధువులకి పంపొచ్చు. "ఎలా ఉంది" అని అడగకండి, బాగుందంటారు. మూడు ప్రశ్నలు అడగండి: మీకు భయం ఎవరి గురించి వేసింది? ఏ నిమిషంలో మొదలైంది? ముసలావిడ మొదటి రోజు ఏమంది? మూడోదానికి ఐదుగురిలో ముగ్గురు "అన్నం తిన్నావా" అని చెప్పలేకపోతే మొదటి యాభై సెకన్లు మళ్లీ ఎడిట్ చేయాలి, పిన్ని మాట ఇంకాస్త స్పష్టంగా, మావుసి మొహం ఇంకో రెండు సెకన్లు. ఒడియా వచ్చినవాళ్లు "సబ్‌టైటిల్ తప్పు పడింది, సరిచేసుకోండి" అంటే కంగారుపడకండి. అది మూడో నిమిషంలో అంటే మంచిదే. సినిమా అయిపోయాక కూడా అదే అంటుంటే, చివరి సరైన సబ్‌టైటిల్ తెర మీద చాలినంతసేపు లేదన్నమాట.

అనుమతుల సంగతి క్లుప్తంగా: ఇంటివాళ్ల ఒప్పుకోలు రాతపూర్వకంగా, రాత్రి షూటింగ్ అయితే స్థానిక పోలీస్ స్టేషన్‌కి ముందే ఒక మాట. రైల్వే ప్లాట్‌ఫాం మీద తీయాలంటే రైల్వే అనుమతి కావాలి. గోపాలపూర్‌లో ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉంది, అక్కడ డ్రోన్ ఊసే ఎత్తకండి.

కాలేజీ ప్రాజెక్టుగా ఇస్తుంటే రిపోర్టులో ఏ నియమాలు పాటించారో, ఏది ఏ సెకనులో విరిచారో టైమ్‌కోడ్‌తో రాయండి. నియమాల పేర్ల జాబితా కన్నా, పాటించిన ఐదూ విరిచిన ఆ ఒక్కదానికి ఎలా సాయం చేశాయో రాస్తే మార్కులొస్తాయి.

ఇక సబ్‌టైటిల్ ఫైలు. ఇది విడి ఫైలుగా ఉండకూడదు, బొమ్మలోనే కలిసిపోవాలి. విడిగా ఇస్తే యూట్యూబ్‌లో చూసేవాడు ఆపేసుకుంటాడు, లేదా ఆటో అనువాదం పెట్టుకుంటాడు, మీ అబద్ధం గల్లంతు. ఫాంటుకి నోటో సాన్స్ తెలుగు ఉచితం, దూరం నుంచి కూడా చదవడానికి బాగుంటుంది. అడోబీ ప్రీమియర్ అనే ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లో తెలుగు వత్తులు విడిపోయి పక్కకి పడితే, ప్రిఫరెన్సెస్‌లో గ్రాఫిక్స్ కింద సౌత్ ఏషియన్ టెక్స్ట్ ఇంజన్ ఎంచుకుని, అక్షరాలు మళ్లీ టైప్ చేయండి. ప్రతి సబ్‌టైటిల్ ఒకే వరసలో, కనీసం రెండు సెకన్లు. మాట మొదలైన క్షణంలోనే పడాలి, అర సెకను ముందు పడితే రేణు ఊహ అన్న లెక్క తప్పుతుంది. ఎగుమతి చేశాక ఫోనులో ఒకసారి, ప్రొజెక్టర్ మీద ఒకసారి చూడండి. ప్రొజెక్టర్ కింది అంచు కోసేస్తే అక్షరాలు సగం పోతాయి, కాబట్టి వాటిని అడుగు నుంచి పదో వంతు ఎత్తులో పెట్టండి.